చేత్తో చెక్కిన స్టాక్‌లో రైఫిల్ బిగుసుకుపోతోంది, టాంగ్ వెనక గీత పడింది: ఎపాక్సీ పోస్తే సరిపోతుందా?

మీ ప్రశ్నని నాకు అర్థమైనంతలో చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. మౌజర్ 98 తరహా బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కి వాల్‌నట్ దిమ్మ నుంచి మీరే స్టాక్, అంటే రైఫిల్ చెక్క భాగం, చెక్కారు. యాక్షన్, అంటే బోల్ట్ కదిలే ఇనుప భాగం, స్టాక్‌లో తొలిచిన గూట్లోకి దిగుతోంది, కానీ చివరి రెండు మిల్లీమీటర్లూ స్క్రూలు బిగిస్తేనే దిగుతోంది. మొదటి మూడు గుళ్లు దగ్గరదగ్గరగా పడుతున్నాయి. బ్యారెల్ వేడెక్కేసరికి పైకీ కుడివైపుకీ జరిగిపోతున్నాయి. టాంగ్ (యాక్షన్ తోక) వెనక సన్నటి గీత ఒకటి కనిపిస్తోంది, అది పగులో చెక్క నారో తేలడం లేదు. గూడంతా ఎపాక్సీ (రాయిలా గట్టిపడే జిగురు) పోసి బెడ్డింగ్ చేసేస్తే, అంటే యాక్షన్‌కి సరిపడే పడక పోసేస్తే, అన్నీ ఒకేసారి సర్దుకుంటాయా అని అడిగారు.

సర్దుకోవు. ఇప్పుడున్న స్థితిలో ఎపాక్సీ పోసి స్క్రూలు బిగిస్తే, యాక్షన్ ఎంత వంగి కూర్చుందో ఆ వంపునే రాయిలా గట్టిపరిచినట్టవుతుంది. తర్వాత దాన్ని విప్పి చూసినా చక్కగా నిగనిగలాడుతూ, అన్నిచోట్లా తాకుతున్నట్టే కనిపిస్తుంది. లోపం కళ్లకి కనపడదు, గురిలో మాత్రం కనపడుతుంది. ఎపాక్సీ చివర్లో వేసే మెట్టు. గూడు దానంతట అది సరిపోయాకే దాని వంతు.

స్క్రూ పని యాక్షన్‌ని అక్కడ పట్టి ఉంచడం, అక్కడికి లాక్కురావడం కాదు. కింద నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ముందు గీత సంగతి తేల్చండి, ఎందుకంటే అది పగులైతే బాగుచేసేదాకా ఆ రైఫిల్‌ని కాల్చకూడదు. బోల్ట్ బయటికి తీసి, చాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకున్నాక యాక్షన్‌ని స్టాక్ నుంచి వేరు చేయండి. పాలిష్ ఎక్కని చెక్కే కాబట్టి పత్తితో స్పిరిట్ అద్ది ఆ గీత మీదుగా తుడవండి. చుట్టుపక్కల చెక్క కొద్ది సెకన్లలో ఆరిపోతుంది. నార అయితే దాంతోపాటే ఆరుతుంది. పగులైతే లోపలికి పీల్చుకున్న స్పిరిట్ వల్ల సన్నటి నల్లగీత ఇంకాసేపు తడిగా నిలబడుతుంది. ఆ గీత ఎక్కడ ఆగిందో అప్పుడే పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టండి. ఆరాక మళ్లీ వెతుక్కోవడం కష్టం.

నా అంచనా అడిగితే అది పగులే. మీరు చెప్పిన లక్షణాలన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. టాంగ్ వెనక్కి పోయేకొద్దీ సన్నబడుతుంది. రైఫిల్ పేలినప్పుడు యాక్షన్ మొత్తం వెనక్కి తన్నుతుంది. ఆ తన్నుని ముందున్న రీకాయిల్ లగ్, అంటే యాక్షన్ అడుగునుంచి కిందకి పొడుచుకొచ్చే చిన్న ఇనుప ముక్క, తీసుకోవాలి. లగ్ వెనక ముఖానికీ చెక్కకీ మధ్య వెంట్రుకంత సందు ఉన్నా, ఆ దెబ్బ టాంగ్ మీద పడుతుంది. అక్కడ నార పొడవునా ఉన్న చెక్కలో ఈ సన్నటి తోక దుంగని చీల్చే మేకులా దిగుతుంది. మొదట్లో సన్నటి గీతే. కాల్చేకొద్దీ చెయ్యి పట్టుకునే పిడి మధ్యలోకి పాకుతుంది.

ఇప్పుడు బిగుసుకుపోవడం ఎంత ఉందో కొలవాలి. డయల్ గేజ్ (చిన్న కదలికని సూదితో కొలిచే సాధనం) ఉంటే దాని కాళ్లు బ్యారెల్ మీద, సూది స్టాక్ ముందుకొస మీద ఆనేలా పెట్టి, రెండు స్క్రూలూ బిగించిన స్థితి నుంచి ముందు స్క్రూని మెల్లగా వదులు చేయండి. సూది 0.05 మిల్లీమీటర్లకి మించి కదలకూడదు. దాన్ని మళ్లీ బిగించి వెనక స్క్రూతోనూ ఇదే చేయండి. గేజ్ లేకపోతే వేలే గేజ్. రైఫిల్‌ని నిట్టనిలువుగా నిలబెట్టి, స్టాక్ ముందుకొస దగ్గర బ్యారెల్‌కీ చెక్కకీ మధ్య ఉన్న సందు మీద చూపుడువేలు అడ్డంగా ఆనించి, రెండో చేత్తో స్క్రూ వదులు చేయండి. వేలి కొనకి చెక్క బ్యారెల్ నుంచి జరుగుతున్నట్టు తెలిస్తే చాలు, యాక్షన్ వంగి ఉన్నట్టే. ఈ పద్ధతిని నాటు అని తీసిపారేయకండి, అలవాటైన వేలు చాలా చిన్న కదలికని కూడా పట్టేస్తుంది. మీ విషయంలో స్క్రూలతో రెండు మిల్లీమీటర్లు లాగుతున్నారంటే గేజ్ కూడా అక్కర్లేదనుకోండి, కానీ పని పూర్తయ్యాక పోల్చుకోవడానికి ఇప్పటి లెక్క రాసి పెట్టుకోండి.

బ్యారెల్ వేడెక్కాక గుళ్లు జరగడానికి కారణం కూడా ఇక్కడే ఉండొచ్చు. వంగి కూర్చున్న యాక్షన్, పైగా స్టాక్ ముందుభాగంలో తొలిచిన కాలువలో ఎక్కడో ఒక పక్క చెక్కని ఒరుసుకుంటున్న బ్యారెల్. ఇనుము వేడికి సాగినప్పుడు ఆ ఒరుపు మారుతుంది, దాంతోపాటు గుండు పడే చోటూ మారుతుంది. దాని గురించి తర్వాత చెప్తాను.

అన్నిటికంటే ముందు అసలు చెక్క ఆరిందా? ఇది అడగడానికి కారణం ఉంది. పచ్చిదనం మిగిలిన దిమ్మలో ఈరోజు ఎంత బాగా కూర్చోబెట్టినా ఆరు నెలలకి పనికిరాదు. చెక్క పొడవు వైపు దాదాపు కుంచించుకోదు, అడ్డంగా మాత్రం బాగా కుంచించుకుంటుంది. అమెరికన్ నల్ల వాల్‌నట్ పచ్చి స్థితి నుంచి పూర్తిగా ఎండేసరికి వలయాల వెంట సుమారు 7.8 శాతం, వలయాలకి అడ్డంగా సుమారు 5.5 శాతం తగ్గుతుంది. ఈ రెండూ సమానం కాకపోవడం వల్లే దిమ్మ మెలితిరుగుతుంది. తేమ మీటర్ ఉంటే 8 నుంచి 10 శాతం చూపిస్తే పనికొస్తుంది. లేకపోతే స్టాక్‌ని వంటింటి త్రాసు మీద తూచి రాసి, రెండు మూడు వారాలాగి మళ్లీ తూచండి. బరువు తగ్గుతూనే ఉంటే పని ఆపండి. స్థిరంగా ఉంటే ముందుకి వెళ్లండి.

నార దిశ కూడా ఒకసారి చూడండి. పిడి దగ్గర నార పిడి వెంటే సాగాలి. పక్కనుంచి చూసినప్పుడు నార గీతలు పిడిని ఏటవాలుగా దాటి బయటికి వెళ్లిపోతుంటే ఆ స్టాక్‌ని ఎంత అందంగా చెక్కినా లాభం లేదు, ఎప్పుడో అక్కడే విరుగుతుంది. చిత్రవిచిత్రమైన డిజైన్ ఉన్న చెక్క మడమ (భుజానికి ఆనే వెనక కొస) దగ్గర ఉంటే బాగుంటుంది, పిడి దగ్గర కాదు. చాలామంది దిమ్మ కొనేటప్పుడు అందం చూసి మోసపోయేది ఇక్కడే.

ఇవి రెండూ బాగున్నాయనుకుని గూడు పనికి వద్దాం.

మీకు కావలసినవి పదునైన ఉలులు రెండు మూడు సైజులు, గుండ్రటి అంచున్న గోకుడు పనిముట్లు, ఇంకా ఇనుము చెక్కని ఎక్కడ తాకుతోందో మచ్చగా చూపించే నల్లరంగు. శాండ్ పేపర్‌ని గూడు దగ్గరికి రానివ్వకండి. అది మూలల్ని గుండ్రంగా తినేస్తుంది. మెత్తటి నారని ముందు తిని గట్టి నారని వదిలేస్తుంది. బయటి నుంచి చూసేవాళ్లకి ఇనుముకీ చెక్కకీ మధ్య సందు వెడల్పుగా కనిపించే స్టాక్‌లన్నీ చాలావరకు శాండ్ పేపర్ చలవే.

నల్లరంగు అంటే నూనె రంగుల ట్యూబుల్లో వచ్చే నలుపు చాలు. దీపపు మసిని కాస్త వాజలిన్‌తో కలిపినా అంతే బాగా పనిచేస్తుంది. నీలం రంగు కూడా వాడతారు గానీ ముదురు వాల్‌నట్ మీద అది సరిగ్గా కనపడదు. పాత టూత్‌బ్రష్‌తో యాక్షన్ అడుగున పలచగా, ఇనుము రంగు లీలగా కనిపించేంత పలచగా పట్టించండి. మందంగా పూస్తే తాకని చోట కూడా మచ్చ పడుతుంది, మీరు అనవసరంగా చెక్క తీసేస్తారు.

యాక్షన్ ప్రతిసారీ ఒకే దారిలో దిగాలి. దానికి తల లేని పొడవాటి గైడ్ స్క్రూలు రెండు కావాలి. వాటిని యాక్షన్‌కి బిగించి స్టాక్ రంధ్రాల గుండా దించితే ముందుకీ వెనక్కీ ఊగదు. ఒక హెచ్చరిక. మౌజర్ 98 స్క్రూల మర మామూలుగా బజారులో దొరికే పావు అంగుళం బోల్టులకి కలవదు. ‘దాదాపు పట్టింది’ అని బలవంతంగా తిప్పితే లోపలి మర పోతుంది. ముందు స్క్రూ మర ఉండేది సాక్షాత్తూ రీకాయిల్ లగ్‌లోనే, కాబట్టి అది పాడైతే స్టాక్ సంగతి తర్వాత, యాక్షన్‌కే ఎసరు.

దించండి, మెత్తటి సుత్తితో ఒకటి రెండుసార్లు చిన్నగా తట్టండి, నిటారుగా పైకి తీయండి. ఇప్పుడు మచ్చల్ని చదవాలి. అన్ని మచ్చలూ ఒకటి కావు. నొక్కుడు పడిన చోట మచ్చ చిన్నగా, అంచు పదునుగా, మధ్యలో చెక్క నలిగి కాస్త మెరుస్తూ ఉంటుంది. పక్క గోడల మీద ఇనుము రాసుకుంటూ దిగిన చోట మచ్చ పైనుంచి కిందకి సాగి, చివర్లో పలచబడుతుంది. మొదటి రకం మచ్చలే యాక్షన్‌ని ఆపుతున్నవి. వాటినే, వాటిని మాత్రమే, పొట్టు కాగితంలా లేచేంత పలచగా గోకండి. రెండో రకం సాగిన మచ్చల మీద చెయ్యి వేసేముందు ఆగి ఆలోచించండి. వాటిని తీసేసుకుంటూ పోతే చుట్టూ సందు వచ్చేస్తుంది, యాక్షన్ అడుగు మాత్రం ఇంకా దిగదు.

మీ స్టాక్‌లో చివరి రెండు మిల్లీమీటర్లు ఎక్కడ ఆగుతోందో ఫోటో లేకుండా చెప్పలేను గానీ, వరసగా చూడాల్సిన చోట్లు ఇవి. లగ్ గూడు అడుగు లోతు చాలక లగ్ నేలకి ఆనుతూ ఉండొచ్చు. మ్యాగజైన్ బాక్స్ పై అంచు యాక్షన్ అడుగుని తాకుతూ ఉండొచ్చు, అప్పుడు చెక్క అసలు లెక్కలోనే లేదు, ఇనుము మీద ఇనుము ఆనుతోంది. టాంగ్ కింద చెక్క ఎత్తుగా ఉండొచ్చు. ఈ మూడో కారణమైతే వెనక స్క్రూ బిగించినప్పుడల్లా టాంగ్ కిందకి వంగుతుంది. మౌజర్ టాంగ్ పొడవుగా, సన్నగా ఉంటుంది కాబట్టి నిజంగానే వంగుతుంది. బోల్ట్ వెనక్కి లాగేటప్పుడు చివర్లో బిగుసుకున్నట్టు అనిపించి, స్క్రూ వదులు చేస్తే సాఫీగా జారితే ఇదే జబ్బు. ఈ చిన్న పరీక్ష ఇప్పుడే చేసి చూడొచ్చు.

మ్యాగజైన్ బాక్స్‌కీ యాక్షన్‌కీ మధ్య అర మిల్లీమీటర్ సందు ఉంటే మంచిది. స్క్రూలు బిగించాక కూడా ఒక మందపాటి కాగితం ముక్క అక్కడ కదలాలి. సందు మరీ ఎక్కువైతే తూటా అంచు అందులో ఇరుక్కుంటుంది, కాబట్టి చెక్కని అతిగా వదిలేయకండి.

ఇక లగ్. నా దృష్టిలో స్టాక్ పనిలో సగం విలువ ఈ చిన్న ఇనుప ముక్క చుట్టూనే ఉంది. దాని వెనక ముఖం మొత్తం వెడల్పునా చెక్కని సమానంగా ఆనాలి. ఒక మూల మాత్రమే ఆనితే ప్రతి దెబ్బకీ యాక్షన్ అటువైపు తిరుగుతుంది. ముందు ముఖం, రెండు పక్కలు, అడుగు మాత్రం తాకకూడదు. అవి తాకితే ఏమవుతుంది అని చాలామంది అడుగుతారు. తీసి పెట్టిన ప్రతిసారీ యాక్షన్ కొత్తచోట కూర్చుంటుంది, అడుగు తాకితే యాక్షన్ లగ్ మీద ఊగుతుంది. వెనక ముఖం ఆనే చెక్కని ఉలితో నిలువుగా, ఒక్క కోణంలో, నార తెగేలా కోయండి. నలిగిన నార మీద ఆనిస్తే కొన్ని గుళ్లకే అది ఇంకా నలిగి మళ్లీ సందు వస్తుంది, దెబ్బ మళ్లీ టాంగ్ మీదకి పోతుంది.

లగ్ వెనకనుంచి మ్యాగజైన్ గూడు వరకు మిగిలే చెక్క గోడ మందం కూడా చూసుకోండి. దెబ్బంతా దాని మీదే. మౌజర్ 98 ఆధారంగా వచ్చిన సైనిక రైఫిళ్లలో, ఉదాహరణకి కె98కెలో, లగ్ వెనక స్టాక్‌కి అడ్డంగా ఇనుప బోల్ట్ కనిపిస్తుంది. అది అలంకారం కాదు, ఈ గోడ చీలకుండా పెట్టినదే. గట్టిగా తన్నే క్యాలిబర్ అయితే మీరూ ఒక అడ్డ పిన్ను పెట్టడం గురించి ఆలోచించండి. బయటికి కనపడకుండా లోపలే దాచే పద్ధతి కూడా ఉంది.

లగ్ పూర్తిగా ఆనాకే టాంగ్ వెనక సందు తీయండి. ముందే తీస్తే ఎంత తీయాలో తెలియదు. టాంగ్ వెనక అంచుకీ చెక్కకీ మధ్య 0.5 నుంచి 0.8 మిల్లీమీటర్లు చాలు. అందం కోసం దాన్ని పూర్తిగా మూసేసే పనివాళ్లని చూశాను. ఆ అందం పగులు వచ్చేదాకే.

స్క్రూ రంధ్రాల గురించి తక్కువగా మాట్లాడతారు గానీ అవి కూడా దోషులే. స్క్రూ కాడ చెక్కని ఎక్కడా తాకకూడదు. తాకితే ఆ స్క్రూ లగ్ పని తను చేయడానికి ప్రయత్నిస్తుంది. వెనక స్క్రూ చుట్టూ అసలు మౌజర్‌లో ఒక ఇనుప గొట్టం వస్తుంది. మీ దాంట్లో ఉందా? పాత స్టాక్‌తో పాటు పోయి ఉంటే కొత్తది చేయించుకోండి. అది లేకుండా బిగిస్తే వెనక చెక్క నలుగుతూనే ఉంటుంది, ఎంత బిగించినా నెలకోసారి స్క్రూ వదులవుతుంది.

ఈ గొట్టం ఆలోచననే రెండు స్క్రూలకీ వర్తింపజేస్తే దాన్నే ఇప్పుడు పిల్లర్ బెడ్డింగ్ అంటున్నారు. అల్యూమినియం లేదా స్టీలు గొట్టం ఒక కొస యాక్షన్‌కి, రెండో కొస ట్రిగ్గర్ గార్డ్‌కి ఆనుతుంది. మధ్యలో చెక్క వర్షానికి ఉబ్బినా ఎండకి కుంచించినా స్క్రూ బిగింపు మారదు. చేత్తో చెక్కిన స్టాక్‌లో పిల్లర్లు పెట్టడం అపచారం అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. బయటికి కనపడవు, చెక్క ప్రాణం తీసే పని కాదు అది. పొడవు మాత్రం చాలా జాగ్రత్తగా కోయాలి. పొడవెక్కువైతే యాక్షన్ చెక్కని వదిలి గాల్లో ఉంటుంది, తక్కువైతే పిల్లర్ పెట్టిన ప్రయోజనమే లేదు.

గూడు ఇలా సరిపోయాక యాక్షన్ తన బరువుతో, రెండు వేళ్ల ఒత్తిడితో అడుగుకి చేరాలి. డయల్ గేజ్ పరీక్ష మళ్లీ చేయండి. ఇప్పుడు కావాలంటే ఎపాక్సీ.

ఎపాక్సీ అంటే బెడ్డింగ్ కోసం తయారైన, లోహపు పొడి కలిసిన చిక్కటి రకం తీసుకోండి. పల్చటి బల్ల అంటించే జిగురు కాదు. లగ్ వెనక, టాంగ్ కింద, ముందు స్క్రూ చుట్టూ ఒకటిన్నర నుంచి మూడు మిల్లీమీటర్ల చెక్క తీసి దానికి చోటు చేయండి. కొద్దిగా చెక్కని స్తంభాల్లా వదిలేస్తే యాక్షన్ ఎత్తు మారదు. లగ్ ముందు ముఖానికి, పక్కలకి, అడుగుకి రెండు పొరల కరెంటు టేపు వేయండి. వెనక ముఖానికి వేయకండి. తర్వాత టేపు తీసేస్తే కావలసిన సందు దానంతట అదే వస్తుంది. యాక్షన్‌లో ఉన్న ప్రతి రంధ్రాన్నీ, గాడినీ, లోపలికి తిరిగిన అంచునీ ప్లాస్టిసిన్ మట్టితో పూడ్చండి. ఇక్కడ బద్ధకిస్తే ఎపాక్సీ లోపలికి వెళ్లి తాళంలా పట్టేస్తుంది, స్టాక్ పగలగొట్టడం తప్ప యాక్షన్‌ని తీసే దారి ఉండదు. విడిపించే మైనం ఇనుముకంతటికీ, స్క్రూల కాడలకీ మరలకీ కూడా రెండుసార్లు పూయండి. సందేహం ఉంటే మూడోసారి పూయండి.

ఎపాక్సీ వేశాక యాక్షన్ దించి స్క్రూలు బిగించేయకండి. చాలామంది చెడగొట్టేది ఈ ఒక్క చోటే. గైడ్ స్క్రూలు దారి చూపడానికే ఉండాలి. బ్యారెల్ మీద కాలువ చివర్లో టేపు చుట్లు వేసి మధ్యలో నిలబెట్టండి, యాక్షన్‌ని మెత్తటి రబ్బరు గొట్టంతో స్టాక్‌కి చుట్టి కూర్చోబెట్టండి, అంతే. పక్కలకి పొంగిన ఎపాక్సీని కాసేపట్లోనే పుల్లతో తీసేయండి. 24 గంటలు కదిలించకండి. తర్వాత ఒకవేళ పట్టేసి రాకపోతే గొడ్డలి దాకా వెళ్లొద్దు. మొత్తం స్టాక్‌ని డీప్ ఫ్రీజర్‌లో కొన్ని గంటలు పెట్టి తీస్తే ఇనుము కుంచించి చాలాసార్లు వదిలేస్తుంది.

బ్యారెల్ కాలువ విషయానికొస్తే, చాంబర్ కింద మొదటి మూడు నాలుగు సెంటీమీటర్లు ఆనుకుని, అక్కడినుంచి ముందుకంతా బ్యారెల్ గాల్లో ఉండడం నాకు నచ్చుతుంది. రెండు పక్కలా 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు సందు. రెండుగా మడిచిన కాగితాన్ని ముందుకొస నుంచి తోస్తే చాంబర్ దాకా ఎక్కడా ఆగకుండా రావాలి. రైఫిల్‌ని చేత్తో పట్టుకుని, సంచీ మీద ఆనించి, రెండు విధాలా చూడండి. సంచీ మీద పెట్టినప్పుడు సన్నటి స్టాక్ ముందుభాగం వంగి బ్యారెల్‌ని తాకుతుంటే అదీ లెక్కే. మరీ సన్నటి బ్యారెళ్లు కొన్ని పూర్తిగా గాల్లో ఉంటే గురి తప్పుతాయి, ముందుకొసలో కిందనుంచి కొంచెం ఒత్తిడి ఇస్తే కుదురుగా ఉంటాయి. ఆ ఒత్తిడి చెక్క తేమతో మారుతుంది, అదే దాని లోపం. కాబట్టి మొదట పూర్తిగా వదిలి చూడండి. చాలకపోతే ఒత్తిడి పెట్టడం ఎప్పుడైనా చేయొచ్చు.

ట్రిగ్గర్, సేఫ్టీ, బోల్ట్ పిడి. ఈ మూడూ గురికి సంబంధించినవి కావు, ప్రాణానికి సంబంధించినవి. ట్రిగ్గర్ ఎక్కడా చెక్కని తాకకూడదు. వర్షాకాలంలో చెక్క ఉబ్బినా తాకకూడదు, కాబట్టి ధారాళంగా చోటు ఇవ్వండి. బోల్ట్ పిడి కిందకి దిగినప్పుడు చెక్క మీద ఆనితే బోల్ట్ లగ్గులు (బోల్ట్‌ని తాళం వేసే పళ్లు, పైన చెప్పిన రీకాయిల్ లగ్ కాదు) పూర్తిగా తాళం పడకుండానే ఆగే ప్రమాదం ఉంది. అక్కడ ఒక మిల్లీమీటర్ ఖాళీ కనపడాలి. ముందు స్క్రూ పొడవు కూడా చూడండి, స్టాక్ మందం మారితే అది పైకి పొడుచుకొచ్చి బోల్ట్ లగ్గుని తాకొచ్చు. అంతా బిగించాక ఖాళీ రైఫిల్‌తో బోల్ట్‌ని గట్టిగా పదేపదే మూయండి, కాక్ చేసి మడమని రబ్బరు చాప మీద కొట్టండి, సేఫ్టీ వేసి ట్రిగ్గర్ నొక్కి తర్వాత సేఫ్టీ తీయండి. ఏ దశలోనైనా తూటాని పేల్చే ఫైరింగ్ పిన్ దానంతట అది పడితే ఆ రైఫిల్‌లో తూటా పెట్టకండి, తుపాకులు బాగుచేసే లైసెన్సున్న మనిషికి చూపించండి.

పగులు బాగుచేయడం మీరనుకున్నంత కష్టం కాదు, గీత పిడి మధ్యదాకా పాకకపోతే. మొదట నూనె, నల్లరంగు పూర్తిగా పోయేలా శుభ్రం చేయాలి. లేకపోతే జిగురు పట్టదు. చెక్కని హెయిర్ డ్రైయర్‌తో గోరువెచ్చగా చేసి, పల్చటి ఎపాక్సీని పగులు మీద పోయండి. చెక్క చల్లారుతూ దాన్ని లోపలికి పీల్చుకుంటుంది. రెండు పక్కలనుంచి మెల్లగా నొక్కి మళ్లీ పోయండి. పగులు కొసలో పెన్సిల్ చుక్క పెట్టుకోమన్నది ఇందుకే, జిగురు అక్కడిదాకా చేరిందో లేదో చూసుకోవాలి. గట్టిపడ్డాక టాంగ్ గూడు లోపలి నుంచి అడ్డంగా ఒక సన్నటి మర ఉన్న ఇత్తడి పిన్ను ఎపాక్సీతో దింపితే బయటికి కనపడదు, పగులు మళ్లీ తెరుచుకోదు. గీత పిడి మధ్యదాకా వెళ్లి ఉంటే మాత్రం ఆ స్టాక్‌ని బాగుచేసినా తేలికగా తన్నే రైఫిల్‌కే వాడుకోండి, దీనికి కొత్త దిమ్మ చూడండి. బాధగానే ఉంటుంది, తెలుసు.

మీ శరీరానికి కొలతలు సరిచూసుకోవడం ఇనుము పూర్తిగా కుదురుకున్నాకే. యాక్షన్ రెండు మిల్లీమీటర్లు కిందకి దిగితే చెంప ఆనే ఎత్తు కూడా మారుతుంది కదా. ట్రిగ్గర్ నుంచి మడమ చివరికి మామూలుగా 343 మిల్లీమీటర్లు, అంటే పదమూడున్నర అంగుళాలు, చాలామందికి సరిపోతుంది. చేతులు పొట్టివైతే, మందపాటి కోటు వేసుకుని కాల్చేవాళ్లయితే తగ్గించాలి. కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికి ఎత్తి, చెంప సహజంగా ఆనించి కళ్లు తెరవండి. సైట్ లేదా స్కోప్ మధ్యలో కన్ను ఉండాలి. కన్ను వెతుక్కుంటోందంటే చెంప దగ్గర ఎత్తు తప్పు. స్కోప్ వాడేవాళ్లకి చెంప అంచు ఎత్తుగా కావాలి, ఇనుప సైట్లకి తక్కువగా. మీరు ఇప్పటికే తక్కువ ఎత్తుతో చెక్కేసి ఉంటే కలపడం కష్టం, అందుకే మొదట్లో ఎప్పుడూ ఎక్కువే వదలమంటాను.

చివర్లో నూనె. తడిగుడ్డతో తుడిచి నార లేచాక ఆరనిచ్చి, సన్నటి పేపర్‌తో లేచిన నూగు తీసేయాలి. రెండు మూడుసార్లు ఇలా చేస్తే తర్వాత తడి తగిలినా చెక్క గరుకెక్కదు. బయటికంటే లోపలే ఎక్కువ శ్రద్ధ పెట్టండి. గూడు, కాలువ, స్క్రూ రంధ్రాలు, మడమ ప్లేటు కింద తెగిన నార, ఇవన్నీ సీలు చేయాలి. తేమ ఎక్కువగా పీల్చేది తెగిన నార చివర్లనుంచే. నూనె ఫినిష్ తేమని ఆపదు, నెమ్మది చేస్తుందంతే. ఇంకొకటి, లిన్సీడ్ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరబెట్టండి లేదా నీళ్లలో ముంచండి. రైఫిల్‌ని శుభ్రం చేశాక కొన్నాళ్లు మూతి కిందకి ఉండేలా నిలబెట్టడం కూడా అలవాటు చేసుకోండి. యాక్షన్ నుంచి కారే నూనె టాంగ్ వెనక చెక్కలోకి ఇంకితే అది మెత్తబడుతుంది, మీ పగులున్న చోటు సరిగ్గా అదే.

బిగింపు కొలిచే స్క్రూడ్రైవర్ ఉంటే చెక్క మీద నేరుగా ఆనే స్టాక్‌కి 4 నుంచి 4.5 న్యూటన్ మీటర్లు, పిల్లర్లు ఉంటే 6 దాకా వెళ్లొచ్చు. ముందు స్క్రూ మొదట, వెనకది తర్వాత, రెండూ కొంచెం కొంచెంగా. మొదటి ఇరవై గుళ్ల తర్వాత మళ్లీ చూడండి, కొత్త చెక్క కొద్దిగా నలిగి సర్దుకుంటుంది. గురి పరీక్షలో మూడు కాల్చి, బ్యారెల్ చల్లారాక మూడు, తర్వాత ఆగకుండా ఐదు కాల్చండి. ఆ ఐదూ ఒక దిక్కుకే వరసగా పాకుతుంటే కాలువలో ఎక్కడో తాకుతోంది, కాగితం మళ్లీ తోయండి. ఒక దిక్కు లేకుండా చెల్లాచెదురైతే స్కోప్ మౌంట్ స్క్రూల నుంచి మొదలుపెట్టండి.

నల్లరంగు పూసి తీసిన గూడు ఫోటో ఒకటి, లగ్ గూడు దగ్గరగా ఒకటి, స్పిరిట్ తుడిచిన వెంటనే టాంగ్ వెనక గీత ఫోటో ఒకటి పెట్టండి. ఇంకా ఏమీ గోకకముందే పెట్టండి.